పెళ్లికి పిలిచారు సరే, మర్యాదలేవి?

గౌలిపురలో ఏడాది పొడుగునా ఏదో ఒక జంతువు ఊరేగుతూనే ఉంటుంది. ఆషాఢం బోనాలు ముగిసే వేళకు ఏనుగు వస్తుంది. పక్కనే ఉన్న హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఘటాన్ని వీపున మోస్తూ చార్మినార్ వైపు కదులుతుంది. దీపావళి వెళ్లిన రెండో రోజు సదర్. యాదవులు తమ దున్నపోతులను కడిగి, నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడనిండా పూలదండలతో తీన్‌మార్ మోతల మధ్య నడిపిస్తారు. ఈ రెంటికీ నడుమ శ్రావణం ఉంది. ఆషాఢమంతా పెళ్లిళ్లు లేక బిగబట్టుకున్న ఫంక్షన్ హాళ్లన్నీ ఒక్కసారిగా లైట్లు వేసుకుంటాయి. షాలిబండ నుంచి లాల్‌దర్వాజా దాకా, ఛత్రినాక నుంచి అలియాబాద్ దాకా రాత్రి పదింటికి ఏ గల్లీలో తొంగిచూసినా తెల్లగుర్రం మీద ఒక పెళ్లికొడుకు కనిపిస్తాడు.

పాతబస్తీకి పాలు పోసిన గౌలీల పేట ఇది. ఇంటి ముందు బర్రె, వెనక దొడ్డి, మధ్యలో మనుషులు అన్నట్టు బతికిన చోటు. ఇలాంటి చోట పెళ్లిలో జంతువు ఉండటం ఎవరికీ కొత్తగా అనిపించదు. ఆ జంతువు వచ్చే హోదా మాత్రం ఇప్పుడు మారింది. ఇన్నాళ్లూ అది మోయడానికో, లాగడానికో, వండడానికో వచ్చేది. ఇప్పుడు చుట్టంగా వస్తోంది. పట్టు కండువా కప్పుకున్న లాబ్రడార్ నలుగు పీట పక్కన కూర్చుంటోంది. ఫొటోగ్రాఫర్ పెళ్లికూతురితో పాటు పెంపుడు పిల్లికి కూడా ఒక ఫ్రేమ్ కేటాయిస్తున్నాడు.

ఇదంతా నిన్నామొన్నటి సినిమా వాళ్ల సరదా అనుకోవచ్చు. ‘హమ్ ఆప్కే హై కౌన్’ 1994లో వచ్చి, తెలుగులో ‘ప్రేమాలయం’గా ఆడినప్పుడు, పెళ్లి కథను ఒడ్డున పడేసింది టఫీ అనే కుక్కే. 2023 జనవరిలో అనంత్ అంబానీ నిశ్చితార్థానికి ఉంగరం తెచ్చింది ఆ ఇంటి గోల్డెన్ రిట్రీవర్. 2024 డిసెంబర్‌లో గోవాలో జరిగిన కీర్తి సురేష్ పెళ్లి ఫొటోల్లో ఆమె కుక్క నైక్ కూడా ఉంది. ఫోన్లలో అవి చూసిన పిల్లలు మన బ్రూనో ఎందుకు రాకూడదని ఇంట్లో పట్టుబట్టడంలో వింతేమీ లేదు. అందులో తప్పు కూడా లేదు. కానీ చుట్టాన్ని పిలిచినప్పుడు మర్యాదలనేవి కొన్ని ఉంటాయి. మగపెళ్లివారికి కాఫీ ఐదు నిమిషాలు ఆలస్యమైతే మూడు తరాలు గుర్తుంచుకునే జాతి మనది. ఆ లెక్కన గుర్రానికీ కుక్కకూ మనం చేస్తున్న మర్యాదల సంగతి ఒకసారి చూడాలి.

ఎడ్లు పోయి కాడి మిగిలింది

పాత సంగతి కొంచెం చెప్పుకోవాలి. తెలుగు వైదికుల్లో ఎక్కువ మంది ఆపస్తంబ సూత్రం వాళ్లు. ఆపస్తంబ గృహ్యసూత్రం పెళ్లికి వచ్చిన వరుడిని అతిథిలా గోవుతో గౌరవించమంటుంది. ఎదుట నిలబెట్టిన ఆ ఆవును ఏం చేయాలో వరుడే నోటితో చెప్పాలి. వదిలేయండి అనే మాట మధుపర్కమనే ఆ తంతులో ఉంది. ఇప్పుడు మధుపర్కమంటే అంచున్న నూలు బట్టలే మనకు గుర్తొస్తాయి, ఆవు ఎవరికీ గుర్తు రాదు.

అదే సూత్రంలోని ఇంకో ముచ్చట మాత్రం నేటికీ మండపంలో జరుగుతోంది. వధువు తల మీద దర్భచుట్ట పెట్టి, కాడికున్న కుడివైపు రంధ్రం దాని మీదికి వచ్చేలా పట్టుకుని, రంధ్రంలో బంగారం ఉంచి, మంత్రాలతో నీళ్లు పోస్తారు. దాని వెనక అపాల కథ ఉంది. చర్మవ్యాధితో బాధపడే అపాలను ఇంద్రుడు రథం, బండి, కాడి వీటి రంధ్రాల గుండా లాగి సూర్యుడిలా మెరిసే చర్మం ఇచ్చాడని రుగ్వేదం ఎనిమిదో మండలం చెబుతుంది. ఎడ్ల మెడ మీది కొయ్యను అంత పవిత్రంగా పెళ్లికూతురి తల మీద పెట్టిన సమాజానికి ఎద్దు ఏమవుతుందో వేరే చెప్పాలా? ఎడ్లే లేని నగరంలో చిన్న కొయ్యముక్కను కాడి అనుకుని ఆ తంతు కానిచ్చేస్తున్నాం.

గంగిరెద్దుల వాళ్లది దీనికి తిరగేసిన పద్ధతి. వాళ్లు జంతువులకే పెళ్లి చేస్తారు. ఎద్దు రాముడు, ఆవు సీత. ఇద్దరికీ అలక, అలక తీరాక పెళ్లి. మన పెళ్లిళ్ల మీద అంతకంటే చక్కని వెటకారం నేను చూడలేదు. సంక్రాంతి దాటితే పని దొరకని ఆ కుటుంబాలను ఈ మధ్య పెళ్లిళ్లకు పిలుస్తున్నారు, హాలు గుమ్మం దగ్గర బొంతలు కప్పిన ఎద్దు తల ఊపుతూ స్వాగతం చెబుతోంది. పిలవడం మంచిదే. ఎద్దు గిట్టలకు నున్నటి టైల్స్ మీద పట్టు దొరకదని హాలు మేనేజరుకు చెప్పేవాళ్లు కూడా ఒకరుండాలి. మట్టి నేల మీదో, గోనె పట్టాల మీదో నిలబెడితే సరిపోతుంది.

తెల్లగుర్రం చూసే పెళ్లి

ఇక గుర్రం. పాతబస్తీ పెళ్లిలో అసలు కథానాయకుడు అదే. హిందువుల బరాత్ అయినా ముస్లింల బరాత్ అయినా అదే గుర్రం, అదే మర్ఫా. మర్ఫా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బుల వాద్యం. గౌలిపురకు దక్షిణాన ఉన్న బార్కస్‌లో వాళ్ల సంతతి ఇప్పటికీ ఉంది. ఆ మోతకు కాలు కదపని పెళ్లికొడుకు ఈ ఊళ్లో పుట్టలేదు.

పెళ్లిళ్ల గుర్రాల్లో గిరాకీ ఉన్నది నుక్రాకు. ఒళ్లంతా తెలుపు, దాని కింద చర్మం గులాబీ రంగు. ఫొటోలో వెన్నెలలా ఉంటుంది కానీ ఆ చర్మానికి ఎండంటే పడదు. కళ్ల చుట్టూ, ముక్కు మీద ఊరికే కమిలిపోతుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల గుర్రం దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా వెనక, నుదుటికి ఎదురుగా కొద్దిమేర మాత్రమే దానికి కనిపించదు. అంటే పక్కన వెలిగే కోల్డ్ పైరో, పైన తిరిగే డ్రోన్, తల మీద లైట్లు మోసుకుని నడిచే మనుషుల వరస, కాగితపు ముక్కలు చిమ్మే గొట్టం, అన్నీ ఒకేసారి దాని కంట్లో పడతాయి. కనిపించని ఆ వెనక భాగంలోనే మన కుర్రాళ్లు టపాసుల లడీ పరుస్తారు. పారిపోవడమే ప్రాణరక్షణగా లక్షల ఏళ్లు బతికిన జంతువు అది. దాన్ని పది అడుగుల గల్లీలో రెండు వందల మంది మధ్య నిలబెట్టి, నిలబడింది కాబట్టి భయం లేదనుకుంటాం. దానికి పారిపోయే చోటు లేక నిలబడింది.

నిలబడకపోతే కళ్లెం ఉంది. నోట్లో పెట్టే ఇనుప కడ్డీకి ముళ్లుండే కళ్లేలను 1965 నాటి బరువు మోసే, లాగే జంతువుల నియమాలు ఎనిమిదో నియమంలో నిషేధించాయి. అయినా బజారులో దొరుకుతూనే ఉన్నాయి, జంతు సంక్షేమ సంఘాలు దేశంలో చాలాచోట్ల వాటిని పట్టుకుని చూపించాయి కూడా. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం తొలిసారి తప్పు చేస్తే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. అరవై ఏళ్ల కిందట అది డబ్బే. ఇప్పుడు షాలిబండలో ఇద్దరు కూర్చుని ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తింటే ఆ 50 చాలదు.

1965 నియమాల్లోనే ఇంకో మాట ఉంది, మన ముహూర్తాలకు సూటిగా తగిలేది. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జంతువుతో బండి లాగించకూడదు, బరువు మోయించకూడదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని ఉండకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా వరసగా ఐదు గంటలు దాటకూడదు. మే నెల హైదరాబాద్‌లో 40 డిగ్రీలు మామూలే. వైశాఖ జ్యేష్ఠాల్లో అభిజిత్ లగ్నం పెట్టుకున్న పెళ్లివారు బగ్గీ మాట్లాడుకుంటే, చట్టం వద్దన్న వేళలోనే గుర్రాన్ని తారు రోడ్డు మీదికి తెచ్చినట్టు. పురోహితుడు పంచాంగం చూసి చెబుతాడు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

గుర్రాలు పెట్టుకున్న కుటుంబాలనే తప్పుపట్టడం సులువు. కానీ పెళ్లిళ్లు లేని నెలల్లోనూ గుర్రం తింటుంది. 350 కిలోల జంతువుకు రోజుకు ఏడు కిలోల దాకా ఎండు మేత కావాలి, పాతిక ముప్పై లీటర్ల నీళ్లు కావాలి, నాడాలు మార్చాలి. ముహూర్తాలున్న నాలుగు రోజుల్లో సంపాదించిందే మిగతా రోజుల దాణా. అందుకే ఒకే రాత్రి రెండు మూడు బరాత్‌లు ఒప్పుకుంటారు. వాళ్లతో బేరమాడి ధర తగ్గించి, తర్వాత బరాత్‌ను గంటన్నర ఆలస్యం చేసేది మనమే. డీజే వాడికి అదనపు గంటకు డబ్బులిస్తాం, గుర్రం వాడికి ఇవ్వం. మళ్లీ ముద్దొచ్చి దాని నోట్లో లడ్డూ పెడతాం. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని శరీర నిర్మాణమే అంత. కడుపులో పడనిది పడితే శూల వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ముద్దు చేయాలంటే రెండు బకెట్ల నీళ్లు, ఒక పచ్చగడ్డి మోపు హాలు వెనక సిద్ధం చేయించండి.

ఇక్కడే ఇంకో వైపు కూడా చూడకపోతే అన్యాయమవుతుంది. గుర్రాన్ని వదిలేయండని చెప్పడం, తాతల నాటి నుంచి ఎక్కుతున్నవాళ్లకు సులువు. 2018 జులైలో ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో ఒక దళిత వరుడి బరాత్ ఠాకూర్ల వీధి మీదుగా వెళ్లడానికి నెలల తరబడి అధికారుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. చివరికి పోలీసుల పహరాలో ఊరేగింది. గుర్రమెక్కినందుకే దెబ్బలు తిన్న వరుల వార్తలు రాజస్థాన్, గుజరాత్‌ల నుంచి ఏటా వస్తూనే ఉన్నాయి. అలాంటి చోట గుర్రం మీద కూర్చోవడమంటే వీధి మాది కూడా అని చెప్పడం. గుర్రం నొప్పి నిజమే, ఆ మనిషి నొప్పీ నిజమే. రెంటినీ ఒకే త్రాసులో పెట్టే తెలివి నాకు లేదు. గౌలిపురలో సరదా కోసం ఎక్కేవాళ్లకు మాత్రం ఈ సాకు దొరకదు.

ఏనుగు సంగతి రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. బోనాలకే, మొహర్రంలో దబీర్‌పురా బీబీ కా అలం ఊరేగింపుకే ఏనుగు దొరక్క పక్క రాష్ట్రాల నుంచి తెప్పించుకునే పరిస్థితి వచ్చింది. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోని జంతువు. యాజమాన్య పత్రం ఉండాలి, అటవీ శాఖ అనుమతి లేకుండా రాష్ట్రం దాటించకూడదు. పెళ్లికి ఏనుగు తెప్పిస్తానని ఈవెంట్ మేనేజర్ చెబితే ముందు కాగితాలు అడగండి, చాలామటుకు అక్కడితో ఆగిపోతుంది.

శుభలేఖ మీది చిలకలు

శుభలేఖల మీద చిలకలు, పావురాలు లేకుండా మనకు పొద్దుపోదు. అచ్చేయించుకోవడం వరకూ పర్వాలేదు. లాడ్‌బజార్ దాటి మెహబూబ్ చౌక్‌కు, జనం పిలిచే పేరుతో చెప్పాలంటే ముర్గీ చౌక్‌కు వెళ్లి, రామచిలుకల పంజరం కొని స్టేజీ మీద పెడితే అది నేరం. మన రామచిలుక వన్యప్రాణి, కొన్నా అమ్మినా ఇంట్లో పెంచినా చట్టం ఒప్పదు.

తెల్లపావురాలను ఎగరేయడం ఇంకో వేడుక. పావురాల సరదా పాతబస్తీకి పాతదే, మిద్దెల మీద కబూతర్‌ఖానాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పెంపకందార్లను అడిగితే తెలుస్తుంది, గూటికి తిరిగొచ్చేది అందుకని తర్ఫీదిచ్చిన పావురమే. పెళ్లికి కొనితెచ్చేవి తరచూ లక్కా పావురాలు, విసనకర్ర తోకవి. అందానికే పెంచిన జాతి, నాలుగు గజాలు ఎగరడమే గొప్ప. పైగా వదిలేది రాత్రి రిసెప్షన్‌లో. పావురం చీకట్లో దారి పట్టలేదు. లైట్ల స్తంభానికి కొట్టుకుని పడిందాన్ని పొద్దున గద్దలు, పిల్లులు చూసుకుంటాయి. రెండు సెకన్ల వీడియో కోసం ఇది దండగ.

పక్షుల మీద ఇంత జాలి చూపి భోజనాల బల్ల గురించి మాట్లాడకపోతే దొంగతనం చేసినట్టుంటుంది. మన పెళ్లిలో అన్నిటికంటే ఎక్కువగా పాలుపంచుకునే జంతువు పొటేలు. ఈ పేటలోనే గొర్రెల కబేళా ఉంది, అది నడవాలా వద్దా అన్న పంచాయితీ కోర్టుల దాకా వెళ్లింది. పెళ్లికి ముందు పోచమ్మకు చేసుకునే ఇళ్లలో కోడో, యాటో తప్పదు. వలీమాలో మరగ్, బిర్యానీ లేకపోతే వచ్చినవాళ్లు పెళ్లి జరగలేదంటారు. ఒకే హాల్లో ముందు గుమ్మం దగ్గర కుక్కకు షేర్వానీ, వెనక గుమ్మం దగ్గర డేగిశాలు. దీన్ని నేను విప్పలేను, విప్పినట్టు నటించనూ లేను. కానీ వండినది పారేయకుండా ఉండటం మన చేతుల్లో ఉన్న పని. మూడు రకాల మాంసం సగం తిని వదిలేసిన విస్తరాకుల గుట్ట చూశాక జంతుప్రేమ కబుర్లు చెవికెక్కవు.

ఆ గుట్ట దగ్గరికి వచ్చేవే గల్లీ కుక్కలు. ఎవరూ పిలవని, ప్రతి పెళ్లికీ తప్పకుండా హాజరయ్యే చుట్టాలు. బిర్యానీలోని ఉడికిన ఎముకలు నమిలితే చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. తెల్ల అన్నం విడిగా తీసి పెడితే వాటికీ మేలు, మరునాడు గల్లీ ఊడ్చేవాళ్లకూ మేలు.

కుక్కను పీటల దగ్గరికి తేవచ్చా?

పెద్దవాళ్లు మొదట అడిగేది ఇదే. హోమం దగ్గర కుక్క ఏమిటని పురోహితుడు మొహం చిట్లిస్తాడు. అత్తవారింట్లో ఒకరికి భయం, ఇంకొకరికి ఎలర్జీ. ముస్లిం స్నేహితులు వస్తారు, కుక్క లాలాజలం తగిలితే మళ్లీ కడుక్కోవాల్సి ఉంటుందని వాళ్ల ఇబ్బంది వాళ్లది. ఇవన్నీ న్యాయమైన అభ్యంతరాలే. వాటిని వెనకబాటుతనం అని కొట్టిపారేసే పిల్లలతో నేను ఏకీభవించను.

అయితే యాగం దగ్గరికి వచ్చిన కుక్క గురించి మన భారతం మొదట్లోనే ఒక కథ ఉంది. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తుంటే దేవతల శునకం సరమ కొడుకు సారమేయుడు అక్కడికి వచ్చాడు. రాజు తమ్ముళ్లు కొట్టి తరిమారు. పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. హవిస్సును చూడలేదు, నాకలేదు, మరి నా బిడ్డనెందుకు కొట్టారని సరమ వచ్చి నిలదీసింది. రాజు దగ్గర జవాబు లేదు. ఎటునుంచి వస్తుందో తెలియని భయం మిమ్మల్ని పట్టుకుంటుందని చెప్పి వెళ్లిపోయింది. నన్నయ ఆదిపర్వంలో ఈ ఘట్టాన్ని ఎంత చక్కగా తెలిగించాడో బళ్లో చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. యాగశాలలోకి కుక్కను రానివ్వాలా అన్నది అక్కడ తగవు కాదు. తప్పు చేయనిదాన్ని కొట్టారన్నదే సరమ ఫిర్యాదు.

కుక్క వైపు నుంచి చూస్తే మండపం అంత గొప్ప చోటేమీ కాదు. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్‌ల దగ్గర ఆగిపోతుంది, కుక్క చెవి 40 వేలు దాటి వింటుంది. మాంగల్యధారణ వేళ గట్టిమేళం మోగినప్పుడు డోలు పక్కన ఉన్న మనకే గుండె అదురుతుంది. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలోనే, ఒంటి వేడి తగ్గించుకోవడానికి నాలుక బయటపెట్టి రొప్పాలి. ఫోటోల్లో నవ్వుతున్నట్టు కనిపించే కుక్క నిజానికి రొప్పుతూ ఉంటుంది. దాని మీద జరీ షేర్వానీ, నుదుట బాసికం కూడా కడితే ఇక చెప్పేదేముంది. తోక కాళ్ల మధ్య పెట్టినా, పదేపదే ఆవలించినా, పెదాలు నాక్కుంటున్నా అది ఇంటికి పోదామంటోందని అర్థం.

ప్రమాదాలు కూడా పెళ్లి సామాన్లలోనే ఉన్నాయి. ఎండు ద్రాక్ష కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది, మన లడ్డూలో, పాయసంలో అది ఉండనే ఉంటుంది. హారతి కర్పూరం బిళ్లలు విషం. తాంబూలంలోని సున్నం నోరు పొక్కిస్తుంది. ఉల్లిపాయ, చాక్లెట్ సరేసరి. పిల్లి ఉన్న ఇంట్లో స్టేజీ అలంకరణకు లిల్లీలు తెచ్చేముందు ఆలోచించాలి, కొన్ని లిల్లీల పుప్పొడి నాకినా పిల్లి బతకడం కష్టం.

అందుకని కుక్కను పిలవాల్సిన రోజు పెళ్లి రోజు కాదు. పెళ్లికూతుర్ని చేసే రోజున ఇంట్లోనే నలుగు పెడతారు. తెలిసిన మనుషులు, తెలిసిన గది, డోలు లేదు, డీజే లేదు. అలిసిపోతే దాని మూల దానికుంది. కావలసినన్ని ఫొటోలు అక్కడ దిగొచ్చు. హాలుకు తీసుకెళ్లక తప్పదంటే ఎదురుకోళ్ల ముందే ఒక అరగంట చూపించి, దాన్ని ఇంటికి చేర్చే బాధ్యత ఒక మనిషికి అప్పగించాలి. ఆ మనిషి పెళ్లికూతురు తమ్ముడైతే మాత్రం పని జరగదు, అతనికి బరాత్‌లో వేరే పనులుంటాయి. పొద్దునా సాయంత్రం దాన్ని తిప్పే కుర్రాడైతే మేలు. బర్రెలున్న ఇళ్లవాళ్లు చేయాల్సింది ఇంకా తేలిక. దాన్ని హాలుకు తోలుకురావడం మాని, అప్పగింతలకు ముందు జంటనే దొడ్డి దాకా నడిపించి పసుపు బొట్టు పెట్టించవచ్చు.

గుర్రం విషయంలోనూ అంతే, బేరం కుదిరేటప్పుడే మాట్లాడుకోవాలి. ఎన్ని గంటలకు వస్తుంది, ఎన్నింటికి పంపేస్తాం, ఆలస్యమైతే గంటకెంత, అంతకు ముందు ఇంకో బరాత్ ఉందా, నోట్లో ఏ కళ్లెం. తోడిపెళ్లికొడుకును వెనక కూర్చోబెట్టకుండా కారులో పంపించండి, పిల్లవాడు నిద్రపోతాడు, గుర్రానికి బరువు తగ్గుతుంది. టపాసులు హాలు దగ్గరే, గుర్రం వెళ్లిపోయాకే. ఇంటి దగ్గర ఎక్కి రెండు కిలోమీటర్లు రావాలన్న శాస్త్రం ఎక్కడా లేదు. మండపానికి ఒక గల్లీ ఇవతల ఎక్కితే చాలు, ఫొటోలన్నీ తీసేది అక్కడే. మిగతా దూరం పెళ్లికొడుకు స్నేహితులతో తీన్‌మార్ ఆడుతూ నడిచి రావచ్చు. ఎలాగూ సగం దారిలో దిగి ఆడేదే.